సెరిబ్రల్ పాల్సీ ఉన్న రెండున్నరేళ్ళ బాబుతో ఇంట్లో రోజు ఎలా గడపాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. బాబుకి రెండున్నరేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ, అంటే పుట్టకముందో పసితనంలోనో మెదడుకి జరిగిన దెబ్బ వల్ల కదలికల మీద, కండరాల మీద పట్టు సరిగ్గా లేకపోవడం. మెడ నిలిచింది కానీ పట్టుకోకుండా కూర్చోలేడు. ఎత్తితే కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడతాయి. పూటకి గంటా గంటన్నర తినిపిస్తే గానీ గిన్నె ఖాళీ అవదు, మధ్యలో పొలమారుతుంది. వారానికోసారి థెరపీకి తీసుకెళ్తున్నారు. ఇంట్లో పొద్దున గంట, సాయంత్రం గంట ఎక్సర్‌సైజులు చేయించమన్నారు. చేయిస్తే బాబు ఏడుస్తాడు, మానేస్తే మీ మనసు ఊరుకోదు. మీ ఆయన దుబాయ్‌లో ఉంటారు. ఇంట్లో మీరూ అత్తమ్మా. ‘ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు’ అన్నారు.

నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని. కరీంనగర్, జగిత్యాల వైపు ఊళ్ళ నుంచి వచ్చే ఇలాంటి పిల్లలతోనే చాలా ఏళ్ళుగా నా పని.

సూటిగా చెప్పాలంటే: ఎక్సర్‌సైజులకి వేరే రెండు గంటలు పెట్టుకోకండి. ముందు తిండి సంగతి సరిచేయండి. మిగతాదంతా ఎత్తుకోవడం, స్నానం, బట్టలు, ఆట, నిద్రలో కలిపేయండి. ఆ రెండు గంటలు మానేస్తే బాబుకి అన్యాయం చేసినట్టు కాదు. పిల్లాడు ఏడుస్తూ ఒళ్ళు బిగబట్టుకున్నప్పుడు కాళ్ళు పట్టి లాగితే ఆ బిగువు ఇంకా పెరుగుతుంది. అదీగాక, ఎవరో కాళ్ళు లాగి వదిలేసినంత మాత్రాన పిల్లలు కొత్త పనులు నేర్చుకోరని ఇన్నేళ్ళ పరిశోధనలు చెప్తున్నాయి. తనకి కావలసిన దాని కోసం తనే ప్రయత్నించాలి, అదీ రోజూ ఉండే ఇంట్లో, మళ్ళీ మళ్ళీ. బిగుసుకున్న కండరాల విషయానికొస్తే, పది సెకన్లు గట్టిగా లాగడం కన్నా అరగంట సరైన భంగిమలో ఉంచడం మేలు.

అయితే మీ థెరపిస్టుకి చెప్పకుండా ఏదీ మార్చొద్దు. ‘ఇంట్లో ఇది కుదరట్లేదు, రోజువారీ పనుల్లో కలిపి చూపించండి’ అని అడగండి. అలా అడిగిన తల్లిదండ్రులంటే మాకు గౌరవమే.

ఇక తిండి. దీని గురించే ఎక్కువ రాస్తాను. ఇది కుదిరితే మీకు రోజులో చాలా సమయం మిగులుతుంది, బాబు బరువూ పెరుగుతుంది.

మన ఇళ్ళలో పిల్లల్ని కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో నోట్లో పోయడం అలవాటు. అత్తమ్మ కూడా బహుశా అలాగే చేస్తుంటారు. మామూలు పిల్లలకే అది మంచిది కాదు. మీ బాబులాంటి పిల్లలకైతే ప్రమాదం. తల వెనక్కి వాలినప్పుడు గొంతులో గాలి దారి తెరిచే ఉంటుంది, పోసింది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మాటిమాటికీ దగ్గు, కఫం, నిమోనియా అని ఆసుపత్రికి తిరిగే ఇలాంటి పిల్లల్లో చాలామందికి అసలు కారణం ఈ పొలమారడమే.

కూర్చోబెట్టి తినిపించాలి. వీపు నిటారుగా, తుంటి దగ్గరా మోకాళ్ళ దగ్గరా వంగి, పాదాలు దేనికో ఆని ఉండాలి. గడ్డం కొంచెం కిందికి వంగి ఉండాలి. దీనికి ఖరీదైన కుర్చీ కొనక్కర్లేదు. రెండు గోడలు కలిసే మూలలో పీట వేసి, రెండు పక్కలా దుప్పట్లు చుట్టి పెట్టి, మధ్యలో బాబుని కూర్చోబెట్టండి. మూల ఉండటం వల్ల భుజాలు ముందుకి వస్తాయి, తల వెనక్కి విసరడం తగ్గుతుంది. రెండు తొడల మధ్య చిన్న టవలు చుట్ట పెడితే కాళ్ళు అడ్డం పడవు. మీరు ఎదురుగా, బాబు కళ్ళ ఎత్తులో కింద కూర్చోండి. మీరు నిలబడి పెడితే వాడు తల ఎత్తి చూస్తాడు, మళ్ళీ మెడ వెనక్కే పోతుంది.

చెంచా చదునుగా, చిన్నగా ఉండాలి. ముందు నుంచి, పెదవుల ఎత్తులోనే తెచ్చి, నాలుక మీద మెత్తగా ఒత్తి, పై పెదవి మూసుకునేదాకా ఆగండి. పై పళ్ళకి గీసి విదిలించకండి. అలా చేస్తే పెదవి పని చేయడం ఎప్పటికీ నేర్చుకోదు. ఒక ముద్ద మింగాకే ఇంకో ముద్ద.

ఏం పెడుతున్నారన్నది కూడా ముఖ్యమే. చారన్నం, పల్చటి మజ్జిగన్నం తేలిగ్గా దిగుతాయనుకుంటాం కానీ ఈ పిల్లలకి అన్నిటికన్నా కష్టమైనవి అవే. నోట్లో ఒకేసారి నీళ్ళూ మెతుకులూ ఉంటాయి. నీళ్ళు ముందే గొంతులోకి జారిపోతాయి, మెతుకులు నోట్లోనే ఉంటాయి, పొలమారుతుంది. ఒకే చిక్కదనం ఉన్నది పెట్టండి: చెంచా వంచినా జారని పప్పన్నం పేస్టు, చిక్కటి రాగి జావ, మెదిపిన అరటిపండు, ఉడికించిన చిలగడదుంప, గట్టి పెరుగుతో మెత్తగా చేసిన అన్నం. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మూడేళ్ళ లోపు పిల్లలకి వస్తుంది కాబట్టి అది తెచ్చుకుని చిక్కగా కలిపి పెట్టొచ్చు. ప్రతి గిన్నెలో ఒక చెంచా నెయ్యి వేయండి, కొంచెం తిన్నా బలం అందుతుంది. నీళ్ళు, పాలు చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. గ్లాసుతో పట్టాలంటే, మెత్తటి ప్లాస్టిక్ గ్లాసుని ఒక పక్క ముక్కు తగలకుండా అర్ధచంద్రంలా కత్తిరించండి. ఇక తల ఎత్తాల్సిన పనే ఉండదు, నీళ్ళు ఎంత పోతున్నాయో మీకూ కనిపిస్తుంది.

ముప్పై నిమిషాలు దాటితే ఆపేయండి. అంతకు మించితే వాడు తినే కష్టానికే అలసిపోతాడు. మూడు పూటలు గంటన్నర చొప్పున కూర్చునే కన్నా ఐదారుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు, చాలా వాంతులు దాంతోనే తగ్గుతాయి. తినేటప్పుడు ఫోన్ చూపించడం కూడా వద్దు. మింగడం మీద ధ్యాస ఉండాల్సిన పిల్లాడికి అది అడ్డం.

ఇలా మార్చినా ప్రతి పూటా పొలమారుతుంటే, తిన్నాక గొంతులో గురగుర వస్తుంటే, బరువు పెరగకపోతే, ఇంటి చిట్కాలతో ఆగకండి. పిల్లల డాక్టరుకి చెప్పి, మింగే తీరుని ఎక్స్‌రే కింద చూసే పరీక్ష అవసరమేమో అడగండి. కొందరు పిల్లలకి కొంతకాలమో ఎప్పటికీనో ట్యూబు ద్వారా ఆహారం ఇవ్వాల్సి రావచ్చు. ఆ మాట వినగానే తల్లులు కుంగిపోతారు. కానీ ట్యూబు పెట్టాక పిల్లాడు ఒళ్ళు చేసి, నవ్వుతూ, ఆసుపత్రి పాలవకుండా ఉండటం నేను చూశాను.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. మూడేళ్ళది, వాళ్ళమ్మ టైలరింగ్ చేస్తుంది. ఇంటికెళ్ళి చూస్తే పాప మంచం మీద వాలి ఉంది, అమ్మ పక్కన కూర్చుని పల్చటి జావ పోస్తోంది, పాప రెండు చేతులూ బిగబట్టుకుని ఉంది. మేం చేసిందల్లా కుట్టుమిషను పక్క గోడ మూలలో కూర్చోబెట్టి, జావ చిక్కగా చేసి, పాదాల కింద రెండు పాత కేటలాగులు పెట్టడమే. ఆ రోజే పిడికిళ్ళు వదులయ్యాయి. కొన్ని వారాలకి చెంచా కనిపించగానే నోరు తెరవడం మొదలుపెట్టింది. అంతకుముందు చెంచా చూస్తే తల తిప్పుకునేది.

ఇప్పుడు మిగతా రోజు.

ఎత్తుకోవడం. చంకన వేసుకోవడం మన ఆడవాళ్ళకి ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. కాళ్ళు అడ్డం పడే పిల్లలకి అంతకన్నా మంచి పద్ధతి లేదు, కాళ్ళు రెండు పక్కలకీ విడిపోయి ఉంటాయి కదా. ఉయ్యాలలో మోసినట్టు రెండు చేతుల మీద పడుకోబెట్టి తిప్పితే కాళ్ళు ఇంకా బిగుసుకుంటాయి. ఎత్తే ముందు మోకాళ్ళు వంచి, పక్కకి తిప్పి, అప్పుడు లేపండి. చంక మారుస్తూ ఉండండి, బాబుకీ మీ నడుముకీ మంచిది. కింద నుంచి ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మీరు మోకాళ్ళ మీద కూర్చుని లేవండి. వాడు ఐదేళ్ళకి ఎంత బరువుంటాడో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

డైపరు, బట్టలు. రెండు చీలమండలూ కలిపి పట్టుకుని పైకెత్తకండి, ఆ పట్టుకే కాళ్ళు కర్రల్లా అయిపోతాయి. ఒక పక్కకి దొర్లించి మార్చండి. చొక్కా వేసేటప్పుడు ఎక్కువ బిగువున్న చేయి ముందు, విప్పేటప్పుడు అదే చివర. మీరు ‘చేయి ఏదీ?’ అని అడిగి, పది లెక్కపెట్టేంతసేపు ఆగండి. ఒక రోజు భుజం కాస్త కదులుతుంది. కాలు పట్టి లాగడం కన్నా ఆ కదలిక ఎంతో విలువైనది, ఎందుకంటే అది వాడు చేసింది.

స్నానం. కాళ్ళు చాపుకుని వాటి మీద పడుకోబెట్టి పోసే వయసు దాటింది. ప్లాస్టిక్ టబ్బులో కింద తడి టవలు వేసి, వెనక ఆనుడు ఉండేలా కూర్చోబెట్టండి. నెత్తిన చెంబుతో ఒక్కసారి పోస్తే ఉలిక్కిపడి ఒళ్ళంతా బిగుసుకుంటుంది. పాదాల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి రండి. గోరువెచ్చటి నీళ్ళకి కండరాలు వదులవుతాయి. థెరపిస్టు చూపించిన సాగతీతలు చేయాలనుకుంటే స్నానం అయిన వెంటనే ఐదు నిమిషాలు మెల్లగా చేయండి, అప్పుడు ఏడుపు చాలా తక్కువ.

ఆట. పాత బొంతని గట్టిగా చుట్టి చీరతో కట్టండి. దాని మీద గుర్రం ఎక్కినట్టు బాబుని కూర్చోబెట్టి, మీరు వెనక కూర్చుని తుంటి దగ్గర పట్టుకోండి. ఎదురుగా ఎత్తుపీట మీద గిన్నెలూ గరిటెలూ పెట్టండి. కాళ్ళు విడిపోయి ఉండటం, నడుము నిలపడం, చేయి చాపడం, మూడూ ఒకేసారి జరుగుతాయి. అదే బొంత చుట్ట ఛాతీ కింద పెట్టి బోర్లా పడుకోబెడితే మెడకీ చేతులకీ పని. టీవీ ముందు వెల్లకిలా పడుకోబెట్టి ఉంచే సమయం ఎంత తగ్గిస్తే అంత మంచిది.

నిలబెట్టే చెక్క ఫ్రేము గురించి థెరపిస్టుని అడగండి. వాళ్ళు కొలతలిస్తే ఊళ్ళో వడ్లాయనే చేసిస్తాడు. నిలబడితే ఎముకలకి బలం, తుంటికి మంచిది, విరేచనం కూడా సాఫీగా అవుతుంది. పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ రోజుకి మొత్తం ముప్పావుగంట, గంట దాకా వెళ్ళొచ్చు. ఆ టైములోనే నాన్నతో వీడియో కాల్ పెట్టండి. నాన్న ముఖం చూడటానికి తల నిలుపుతాడు, అక్కడ మీ ఆయనకీ బాబు నిలబడి కనిపిస్తాడు.

మాటల గురించి మీరు ఏమీ రాయలేదు. మాట రాలేదంటే అర్థం కావట్లేదని కాదు. రెండు వస్తువులు, బంతీ గిన్నే అనుకోండి, ఎడంగా పట్టుకుని ‘ఏది కావాలి?’ అని అడగండి. ఎటు చూస్తే అది ఇచ్చేయండి. తన చూపుకి ఫలితం ఉందని తెలిసిన పిల్లాడు ఏడుపు తగ్గిస్తాడు. తర్వాత బొమ్మల కార్డులకి వెళ్ళొచ్చు. బొమ్మలు వాడితే మాటలు రావనేది అపోహ. ఈ పిల్లల్లో చూపు, వినికిడి లోపాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి కంటి పరీక్ష, చెవికి బెరా పరీక్ష చేయించకపోతే ఈ నెలలోనే చేయించండి.

అత్తమ్మ ‘ఎప్పుడు నడుస్తాడు?’ అని రోజూ అడుగుతారని రాశారు. మీ మనసులోనూ అదే ఉంటుంది, అందుకే దాపరికం లేకుండా చెప్తున్నాను. రెండేళ్ళకల్లా సొంతంగా కూర్చున్న పిల్లలు దాదాపు అందరూ ఏదో ఒక రకంగా నడుస్తారు. నాలుగేళ్ళకి కూడా కూర్చోలేని పిల్లలు నడవడం చాలా అరుదు. మీ బాబు ఈ రెండింటి మధ్య ఉన్నాడు. ఇప్పుడే ఏదీ తేల్చి చెప్పలేం కానీ, ఏ ఆధారం లేకుండా నడిచే అవకాశం తక్కువ. మెదడుకి జరిగిన దెబ్బ పెరిగేది కాదు. అలాగని దాన్ని చెరిపేసే చికిత్సా లేదు. స్టెమ్ సెల్స్ పేరుతో లక్షలు అడిగేవాళ్ళు మీకూ ఫోన్ చేస్తారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ జబ్బుకి స్టెమ్ సెల్స్ ఇవ్వడమనేది అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా, రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా మాత్రమే జరగాలి. దాని కోసం పొలం అమ్ముకున్న కుటుంబాలు నాకు తెలుసు, పిల్లాడిలో మార్పు లేదు. వాతలు పెట్టించడం, కాళ్ళు విరిచినట్టు లాగే నాటు మర్దనలు అసలే వద్దు. నిలబడని పిల్లల ఎముకలు బలహీనంగా ఉంటాయి, విరుగుతాయి. మెత్తగా నూనె రాయడం మంచిదే, ఆ పని అత్తమ్మకే అప్పగించండి. సాయంత్రం ఒక పూట తిండి కూడా ఆమెకే నేర్పండి. థెరపీ సెంటర్‌కి వెంట వచ్చి, మూల పీట పద్ధతి చూసి వెళ్ళి, కోడలికే తప్పులు దిద్దిన నాయనమ్మలు ఉన్నారు.

తుంటి ఎక్స్‌రే మర్చిపోవద్దు. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో మూడింట ఒక వంతుకి తుంటి ఎముక మెల్లగా గూట్లోంచి పక్కకి జరుగుతుంది. నడవని పిల్లల్లో ఇది ఇంకా ఎక్కువ. మొదట్లో నొప్పి ఉండదు, చూస్తే తెలియదు. నా దగ్గరికి ఏడేళ్ళ పాప వచ్చింది, డైపరు మార్చినప్పుడల్లా గట్టిగా ఏడ్చేది. కడుపునొప్పి అనుకుని మందులు వాడారు. ఎక్స్‌రే తీస్తే ఒక తుంటి పూర్తిగా తప్పి ఉంది. ముందే తెలిసి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేది, అప్పటికి పెద్దది చేయాల్సి వచ్చింది. మీ బాబు వయసులో మొదటి ఎక్స్‌రే అయిపోయి ఉండాలి. ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఎముకల డాక్టరు చెప్పినట్టు తీయించాలి. బిగువు తగ్గించే మందులు, బోటాక్స్ ఇంజెక్షన్ల సంగతి కూడా అప్పుడే అడగండి.

కాగితాల పని మీ ఆయనకి ఇవ్వండి, చాలావరకు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. ముందు యూడీఐడీ కార్డుకి, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకి దరఖాస్తు. వైకల్యం 40 శాతం, అంతకన్నా ఎక్కువని తేలితే పెన్షన్‌కి అర్హత వస్తుంది. తెలంగాణలో ఇది 2023లో 4,016 రూపాయలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 15,000. వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చులకీ అందులో కొంత భాగం ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలోని డైక్ (చిన్నపిల్లల లోపాలకి తొలిదశలోనే చికిత్స చేసే) సెంటర్‌లో, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో థెరపీకి డబ్బు కట్టక్కర్లేదు. ఒక్కసారి మొత్తంగా చూపించుకోవాలంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. మూడేళ్ళు నిండగానే అంగన్‌వాడీకి కూడా పంపండి, రోజుకి గంట అయినా సరే. మిగతా పిల్లల మధ్య కూర్చోవడం బాబుకి కావాలి, ఆ గంట మీకూ కావాలి. ఆ గంటలో అంట్లు తోమకండి, పడుకోండి.

చివరిగా ఒకటి. బాబుకి ఫిట్స్ ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే, లేదా ఎప్పుడైనా వస్తే: పక్కకి తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర బట్టలు వదులు చేయండి, గడియారం చూడండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో నీళ్ళు పోయడం, పళ్ళ మధ్య చెంచా పెట్టడం ఏదీ చేయొద్దు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ముక్కులో కొట్టే మిడాజొలం స్ప్రే ఇంట్లో ఉంచుకోవాలేమో డాక్టరుని అడిగి పెట్టుకోండి. ఫిట్స్ మందులు ఏమైనా వాడుతుంటే వాటి పేర్లు, బాబు బరువు, తుంటి ఎక్స్‌రే ఎప్పుడు తీశారు, ఈ మూడూ రాయండి. తిండి విషయంలో ఇంకా వివరంగా చెప్పగలను.